డిస్కు కనబడుటలేదు

పాఠకులారా, కంప్యూటర్‌లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవడం గనక సులువైపోతే మానవజాతి మట్టికొట్టుకుపోతుంది. ఇది నా నిశ్చితాభిప్రాయం. నవ్వకండి!

బటన్ నొక్కగానే పనైపోయే లోకంలో ఓర్పు ఎక్కడ నేర్చుకుంటాం? కాపురంలో అంటారా? కాపురంలో అవతలి మనిషికి కోపం ఎందుకొచ్చిందో ఎప్పుడో ఒకప్పుడు తెలుస్తుంది, మనం అడక్కపోయినా. కంప్యూటర్ అలా కాదు. "ఏదో పొరపాటు జరిగింది" అంటుంది. ఏం పొరపాటు? ఎవరిది? చెప్పదు గాక చెప్పదు. మౌనవ్రతం పట్టిన మునులకు కూడా అంత నిగ్రహం ఉండదు.

ఈ మహోపకారం విలువ నాకు మొన్నటిదాకా తెలియదు. మా ఆవిడ క్లినిక్‌లో తెలిసొచ్చింది.

మా ఆవిడ వినికిడి యంత్రాల నిపుణురాలు. క్లినిక్ అంటే రెండు గదులే. ముందు గదిలో కుర్చీలు. వెనక గదిలో ఒక బల్ల, దాని మీద కంప్యూటర్, కంప్యూటర్‌కి ఒక వైరు, వైరు చివర అగ్గిపెట్టెంత పెట్టె. ఏ చెవికి ఏ శబ్దం ఎంత పెంచాలో, దేన్ని తగ్గించాలో ఆ పెట్టె ద్వారానే మా ఆవిడ వినికిడి యంత్రానికి నేర్పుతుంది. అలా నేర్పకుండా కొత్త యంత్రాన్ని చెవిలో పెడితే అది ఈల వేస్తుంది తప్ప మాట వినిపించదు.

ఆ కంప్యూటర్ పాతది. కానీ పొద్దున్నే లేచేది, చెప్పిన పని చేసేది, ఎదురు చెప్పేది కాదు. అలాంటివాళ్ళని లోకం బతకనిస్తుందా?

"మీ సిస్టమ్‌కు కాలం చెల్లింది, కొత్తది వేసుకోండి" అని తెర మీద రోజూ ఒక హెచ్చరిక వచ్చేది. మా ఆవిడ రోజూ "తర్వాత" అన్న బటన్ నొక్కి పని చూసుకునేది. ఒకరోజు ఆ "తర్వాత" కాస్తా మాయమైపోయింది! "ఇప్పుడే", "ఇంకాసేపట్లో" అన్నవి మిగిలాయి. ఆ కంపెనీవారి భాషలో దీన్ని వినియోగదారుడి స్వేచ్ఛ అంటారు. మెడ మీద కత్తి పెట్టి, పిడి ఏ రంగులో ఉంటే మీకు ఇష్టం అని అడగడం కూడా మర్యాదే కదా!

సరిగ్గా ఆ పొద్దున్నే ఒక పెద్దాయన వచ్చాడు. అచ్చాఫీసులో యంత్రాల మధ్య బతుకంతా గడిపి, ఆ రొదకి చెవులు అప్పగించి రిటైరైన మనిషి. పాత వినికిడి యంత్రం పాడైపోతే కొత్తది తెప్పించుకున్నాడు. దాన్ని ఆయన చెవికి సరిపడేలా దిద్దాలి. సాయంత్రం ఆయన మనవరాలు మొదటిసారి స్టేజీ మీద ఒంటరిగా పాడుతోంది. 

"సాయంత్రానికి అందితే చాలు డాక్టరమ్మా. తొందరేం లేదు, ఇక్కడే కూచుంటాను" అన్నాడు, వినబడనివాళ్ళ అలవాటు ప్రకారం వీధి చివరిదాకా వినబడేలా.

ఆయన కుర్చీలో కూచున్నాడు. కంప్యూటర్ తనంతట తానే "ఇప్పుడే" అనేసుకుంది. కాసేపు చక్రం తిరిగింది. తెర నల్లబడింది. ఆపైన మళ్ళీ మళ్ళీ ఆరిపోయి వెలగడం తప్ప ఇంకేమీ చేయలేదు.

నాకు ఫోన్ వచ్చింది.

"ఏమండీ, ఖాళీగానే ఉన్నారుగా, ఒకసారి రండి."

కాలమ్ రాసేవాడు ఖాళీగా ఉంటాడని మా ఇంట్లో గట్టి నమ్మకం. ఆలోచిస్తూ కూచోవడాన్ని వాళ్ళు కూచోవడం అనే అంటారు. వెళ్ళాను.

కొత్త సిస్టమ్‌ని పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకుని, కంప్యూటర్‌కి తగిలించాను. రంగురంగుల తెర వచ్చింది. "స్వాగతం" అంది. భాష అడిగింది, దేశం అడిగింది, షరతులకు ఒప్పుకుంటావా అంది. పెళ్ళిచూపుల్లో తలూపినట్టు అన్నిటికీ తలూపాను. "సిస్టమ్ ఎక్కడ వేయమంటారు?" అని అడిగి, జాబితా చూపించింది.

జాబితా ఖాళీ! కింద ఒక ముక్క: డిస్కు ఏదీ కనబడలేదు.

కనబడకపోవడమేమిటి? నిన్నటిదాకా ఆ డిస్కు మీదే కదా క్లినిక్ అంతా నడిచింది! మూత విప్పి చూశాను. ఉంది. వేలితో తాకి చూశాను. నిక్షేపంగా ఉంది. ఇంట్లోనే కూచున్న మనిషి గురించి "కనబడుటలేదు" అని పేపర్లో ప్రకటన వేసినట్టుంది వ్యవహారం.

డిస్కు కనబడాలంటే దానికి డ్రైవర్ కావాలట. కంప్యూటర్‌కీ డిస్కుకీ మధ్య మాట కలిపే చిన్న ప్రోగ్రామ్‌ని అలా అంటారు. మా కారుకే డ్రైవర్ లేడు, ఈ డిస్కు గారికి కావలసి వచ్చాడు!

ఇలాంటప్పుడే కదా బంధువుల విలువ తెలిసేది? మా బావమరిది సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు. ఏం చేస్తాడో అతని భార్యకి కూడా ఇదమిత్థంగా తెలియదు. ఫోన్ చేశాను.

"అదా బావా, చాలా సింపుల్! కంపెనీ సైట్లో డ్రైవర్ ఉంటుంది. దించేసుకో, వేసేసేయ్. అంతే!"

దించుకున్నాను. ఫైలు వచ్చింది. తెరవబోతే, "ముందు సిస్టమ్ వేయండి, తర్వాత నన్ను తెరవండి" అంది. సిస్టమ్ వేయాలంటే డ్రైవర్ కావాలి. డ్రైవర్ తెరవాలంటే సిస్టమ్ కావాలి. పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు! మన పెద్దలు ఈ సామెత కట్టేనాటికి కంప్యూటర్లు లేవు. అయినా ఎంత ముందుచూపు!

మళ్ళీ బావమరిదికి ఫోన్ చేశాను. మీటింగ్‌లో ఉన్నాడు. ఆ తర్వాత అతను ఆ మీటింగ్‌లోంచి బయటికి వచ్చిన దాఖలాలు లేవు.

హెల్ప్‌లైన్‌కి చేశాను. నా కాల్ వారికి ఎంతో విలువైనదట. విలువైన వస్తువు కాబట్టి చాలాసేపు భద్రంగా దాచిపెట్టారు. చివరికి ఒక తీయని గొంతు పలికింది.

"సార్, సిస్టమ్‌ని ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి."

"అమ్మా, ఆన్ కాకపోవడమే నా బాధ."

"ఓ, ఆఫ్‌లోనే ఉందా సార్? అయితే సగం అయిపోయినట్టే!"

చూశారా ఆశావాదం! చచ్చినవాణ్ణి చూపించి నిద్ర బాగా పట్టిందనగల మనుషులు. కాస్త గట్టిగా అడిగితే, ఇది సిస్టమ్ సమస్య కాదు, డిస్కు చేసినవాళ్ళని అడగమన్నారు. డిస్కువాళ్ళు కంప్యూటర్ చేసినవాళ్ళని అడగమన్నారు. కంప్యూటర్ వాళ్ళు, మీ మోడల్ బాగా పాతది సార్, అని సానుభూతి తెలిపారు. డబ్బా అమ్మేటప్పుడు ముగ్గురి ముద్రలూ ఒకే అట్టపెట్టె మీద పక్కపక్కన నవ్వుతూ ఉంటాయి. పాడయ్యాక ఒకరి మొహం ఒకరు ఎరగరు!

ఇక ఇంటర్నెట్‌లో వెతికాను. ఎక్కడో ఒకాయనకి అచ్చంగా ఇదే కంప్యూటర్, ఇదే సిస్టమ్, ఇదే రోగం. నా కళ్ళు చెమర్చాయి. గబగబా కిందికి చదివాను. ఆయనే రాశాడు: "సమస్య తీరిపోయింది. అందరికీ థ్యాంక్స్."

ఎలా తీరింది నాయనా? ఆ ముక్క మాత్రం రాయలేదు! తాను గట్టెక్కగానే తెప్ప తగలేసిన ఆ మహానుభావుడు ఎక్కడున్నా ఆయన కంప్యూటర్ చల్లగా, మంచులా చల్లగా, ఎన్నటికీ వేడెక్కకుండా ఉండుగాక!

ఇంత జరుగుతున్నా పెద్దాయన మాత్రం ప్రశాంతంగా ఉన్నాడు. తలుపు సందులోంచి నన్నే చూస్తున్నాడు. నేను మూత మీద గుద్దినప్పుడల్లా బొటనవేలు పైకెత్తి చూపించాడు. పని జోరుగా సాగుతోందనుకున్నాడు పాపం. ఆ సమయంలో నా నోటివెంట ఏమేం వచ్చాయో వినలేని ఏకైక సాక్షి ఆయన. మా ఆవిడ విన్నది.

"మీ రాతల్లో ఈ మాటలు ఎప్పుడూ వాడలేదేం?" అంది.

ఆవిడ మాత్రం చేతులు కట్టుకుని కూచోలేదు. వేరే క్లినిక్‌లో ఇలాంటి పెట్టె తగిలించిన కంప్యూటర్ ఉందేమోనని తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేసింది. ఉన్న ఒక్కావిడ ఊళ్ళో లేదు. ఆ మాట కాగితం మీద రాసి పెద్దాయనకి చూపించి, ఇంటికి వెళ్ళమంది. ఆయన చదివి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఉంటానమ్మా. మన మిషను మనకుండగా వేరేవాళ్ళ దగ్గరికి ఎందుకు?"

ఆ నమ్మకం చూసి మా ఆవిడ మొహం చిన్నబోయింది. నాకూ ఎందుకో అక్కడ ఏ చమత్కారమూ తోచలేదు. మళ్ళీ వెళ్ళి ఆ డబ్బా ముందు కూచున్నాను.

డ్రైవర్ ఫైలుని తెరవకుండా విప్పాలని చివరికి ఒకచోట దొరికింది. తెరవడం వేరు, విప్పడం వేరు. మీకు తెలియదా? నాకూ తెలియదు. విప్పాను. లోపలి ఫైళ్ళని పెన్ డ్రైవ్‌లో వేసి చూపించాను. అప్పుడు, పాఠకులారా, డిస్కు కనబడింది! పుట్టిన బిడ్డని నర్సు చూపించినప్పుడు కూడా నేను అంత కేక పెట్టలేదు.

ఇల్లలకగానే పండగైపోతుందా? సిస్టమ్ ఎక్కింది. కంప్యూటర్ ఆరి, వెలిగింది. "బూట్ చేయదగిన పరికరం లేదు" అంది. అంటే, ఎక్కడినుంచి లేవాలో దానికి తెలియడం లేదట. పెన్ డ్రైవ్ పెడితే లేస్తోంది, తీస్తే పడుకుంటోంది. కారణం తర్వాత తెలిసింది. నిద్ర లేపే ఫైళ్ళని డిస్కులో కాకుండా పెన్ డ్రైవ్‌లో దాచిపెట్టిందట! ఇంటికి తాళం వేసి, తాళంచెవి ఇల్లు చూడ్డానికి వచ్చినవాడి జేబులో వేసినట్టు. మొత్తం చెరిపి మళ్ళీ మొదటినుంచీ వేశాను. ఈసారి పెన్ డ్రైవ్ తీసేసినా లేచింది.

లేచి ఏమందో తెలుసా? "హాయ్!" అంది.

పొద్దుటినుంచీ నా ప్రాణాలు తోడేసి, హాయ్ అంది! నా ఫోన్ నంబర్ అడిగింది. నేనెక్కడున్నానో తెలుసుకోవచ్చా అంది. ప్రకటనలు నా అభిరుచికి తగ్గట్టు చూపించమంటావా అంది. మా ఆవిడ నన్ను పక్కకు నెట్టి, అన్నిటికీ "వద్దు" కొట్టి, పాత రికార్డులు వేరే డిస్కులో దాచినవి ఎక్కించి, ఆ అగ్గిపెట్టెంత పెట్టెని తగిలించింది. పెద్దాయన లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

తెర మీద వచ్చింది: ఈ పరికరం ఏమిటో తెలియదు.

పెట్టె చేసిన కంపెనీకి ఫోన్ చేసింది మా ఆవిడ. పెట్టెలో ఏ లోపమూ లేదట. కానీ కొత్త సిస్టమ్‌కి దీని డ్రైవర్ చేయలేదట, చేయరట. కొత్త మోడల్ కొనుక్కోమన్నారు. "నిన్న ఇదే పెట్టెతో పని చేశానండీ" అంది మా ఆవిడ. "అవును మేడమ్, నిన్న పాత సిస్టమ్ కదా" అన్నారు.

పాతది తిరిగి వేద్దామన్నాను. ఆ పాత సిస్టమ్‌ని కంపెనీ ఇప్పుడు ఎవరికీ ఇవ్వడం లేదు. మన భద్రత కోసమేనట!

పెద్దాయన మా మొహాలు చూశాడు. ఇక కాగితం అవసరం లేకపోయింది.

"పాటకి టైమవుతోంది. పోదాం పదండి. మీరూ రండి" అన్నాడు.

ముగ్గురం వెళ్ళాం. మొదటి వరసలో కూచున్నాడు. మనవరాలు మైకు ముందుకి వచ్చి, ముందు తాతని వెతుక్కుని, తర్వాత గొంతు విప్పింది. ఆయన ఆ పిల్ల పెదాల మీదనుంచి చూపు తిప్పలేదు. జనం చప్పట్లు కొడితే పక్కకి చూసి తానూ కొట్టాడు. అందరూ ఆపాక కూడా కాసేపు కొడుతూనే ఉన్నాడు. మా ఆవిడ తల దించుకుంది.

పిల్ల స్టేజీ దిగి పరుగెత్తుకొచ్చింది.

"తాతయ్యా, కొత్త మిషనులో వినబడిందా? చివర్లో పైకెత్తాను కదా, అది బాగా వచ్చిందా?"

ఆయన ఆ పిల్ల తల నిమిరి, "బాగా పాడావు తల్లీ" అన్నాడు. 

"పైకెత్తింది?"

"బాగా పాడావు" అన్నాడు మళ్ళీ.

పిల్ల ఆయన చెవి వైపు చూసింది. చెయ్యి పట్టుకుంది.

అప్పుడాయన నా వైపు తిరిగి, హాలంతా ఉలిక్కిపడేలా అడిగాడు.

"ఇంతకీ నాయనా, నిన్నటిదాకా బాగా నడిచింది కదా? దాన్ని ఎందుకు మార్చారు?"

జనం నన్నే చూస్తున్నారు. జవాబులు నా దగ్గర లేకపోలేదు. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, గొంతు చించుకుని చెప్పాను: భద్రత అన్నాను, వేగం అన్నాను, అభివృద్ధి అన్నాను, కాలంతోపాటు మారాలన్నాను.

ఆయన శ్రద్ధగా తల వంచి, అంతా అయిపోయేదాకా ఆగాడు.

"ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు నాయనా" అన్నాడు.

ఆయనంటే చెవిటివాడు. చెప్పినవాణ్ణి, రెండు చెవులూ నిక్షేపంగా పనిచేస్తున్నవాణ్ణి, నాకూ అర్థం కాలేదు.