చాకలి సోడా వేసిన వంకాయ పులుసు

గురుస్వామికి పెళ్ళాం అన్యాయం చేసింది. అందులో సందేహం లేదు. ఇరవై రెండేళ్ళు వంకాయ పులుసు వండిపెట్టి, అదెలా చేయాలో ఒక్క ముక్క చెప్పకుండా చచ్చిపోయింది.

ఆమె పోయిన ఏడాదికి, 1957లో, నంద్యాల నుంచి అక్క ఆదిలక్ష్మమ్మ కబురంపింది. "ఆదివారం ఆళ్ళగడ్డకు వస్తాండా. నీ చేతి వంట తింటా. తినేట్టుంటే ఒంటిగానే ఉండు. లేకుంటే నా వెంట నంద్యాలకు నడువు."

నడవకూడదని గురుస్వామి పంతం. ఆదివారం పొద్దున్నే పులుసు పెట్టి రుచి చూశాడు. కళ్ళు మూతపడ్డాయి, చెవులు కదిలాయి.

పక్కింటి సైన్సు మాస్టరు శాంతయ్య చర్చికి బయల్దేరుతున్నాడు.

"అప్పా శాంతయ్యా, పులుపు చంపేదెట్లా?"

పాఠం అడిగితే శాంతయ్యకు చర్చి కూడా గుర్తుండదు. "చింతపండులో ఉండేది ఆమ్లమన్నా. దాని దగ్గర ప్రోటాన్ అని కంటికి కనపడని కణం ఉంటాది. దాన్ని ఎవరికో ఒకరికి ఇచ్చేయాలని తొందర. సోడా క్షారం. అది పుచ్చుకుంటాది. ఇచ్చేసినంక పులుపుండదు."

"పుచ్చుకునేవాళ్ళు లేకుంటే?"

"పులుపు పులుపుగానే ఉంటాది. వంటసోడా చిటికెడు వేయి, చాలు."

ఇంట్లో వంటసోడా లేదు, చాకలి సోడా ఉంది. చేనుకు ఎరువు చల్లిన చెయ్యికి చిటికెడు ఆనలేదు. పిడికెడు వేశాడు.

పులుసు లేచి నిలబడింది. నురగ కుండ దాటి, పొయ్యి ఆర్పి, గడప వైపు నడిచింది. ఒక వంకాయ ముందు నడిచింది. మిగిలింది నాకి చూస్తే సబ్బు నీళ్ళు. మళ్ళీ చింతపండు పిసికి పోశాడు. మళ్ళీ నురగ. రెండో వంకాయ కూడా వెళ్ళిపోయింది.

అప్పుడే అక్క గడప దాటింది, వంకాయను కూడా దాటింది.

"ఏందిరా ఇది?"

"పులుసు."

"యాడికి పోతాంది?"

"మాటలొద్దు. కూచో, తిను."

ఆమె సంగటి ముద్ద చేసుకుని తింది. మొహం చిట్లించలేదు. మారు కూడా వడ్డించుకుంది. చెయ్యి కడుక్కుని సంచీ తీసుకుంది.

"బాగుంది. గెలిచినావ్. ఇంక నేను రాను."

గురుస్వామి గెలిచాడు. ఏడాదిగా ఆ ఇంట్లో రెండో పళ్ళెం తడవడం అదే మొదలు. దాన్ని చూస్తూ, ఆమె సందు మలుపు తిరిగేదాకా ఓర్చుకున్నాడు. తర్వాత పరుగెత్తాడు.

"అక్కా! బాగలేదది! సబ్బు నీళ్ళు!"

"తెలుసులేరా. నాకు నాలుక లేదా?"

"మరెందుకు తిన్నావ్?"

"బాగలేదంటే పోట్లాడి ఈడనే ఉంటావు. బాగుందంటే నువ్వే వెంటపడతావని తిన్నా. పో, పంచె మార్చుకుని తాళమేసి రా. బస్సుకు ఇంకా టైముంది."

నంద్యాల బస్సులో ఆమె ఏదో అనబోయింది.

"ఈ సంగతి ఇంకెప్పుడూ నా ముందర ఎత్తొద్దు," అన్నాడు గురుస్వామి కిటికీ వైపు తిరిగి. "నేనూ ఎత్తను."

బతికున్నన్నాళ్ళూ ఇద్దరూ ఎత్తలేదు.