మిగులు పాఠం చెప్పిన మాస్టారు

లాభాన్ని పంచకూడదు. పంచితే అది లాభం కాకుండా పోతుంది. వందమంది చేతుల్లో పడితే కూలి, ఒక్కడి చేతిలో ఉంటేనే పెట్టుబడి. ఇంత చిన్న సంగతి అర్థంకాక కదా, లోకంలో ఇన్ని జెండాలు, ఇన్ని ధర్నాలు?

ఈ సత్యాన్ని పలాస దగ్గర ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో నూట ఇరవై మంది ఆడవాళ్లకు బోధించిన మహానుభావుడు డేవిడ్‌రాజు మాస్టారు. టెక్కలిలో ముప్పై ఒక్క ఏళ్లు ఇంటర్ పిల్లలకు అర్థశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. నిజానికి ఈ కాలమ్ రాస్తున్నదీ ఆయనే. ‘నేను’ అని రాసుకోవడానికి మొహమాటంగా ఉంది. ‘ఆయన’ అని రాస్తే మీతోపాటు తానూ నవ్వుకోవచ్చు, పైగా కొంత గౌరవం కూడా దక్కుతుంది.

ఫ్యాక్టరీ యజమాని ధనరాజ్ మాస్టారి పాత శిష్యుడు. అర్థశాస్త్రం రెండుసార్లు తప్పాడు. అర్థం మాత్రం దండిగా సంపాదించాడు. కిందటేడు వినాయక చవితి వెళ్లిన వారానికి కొత్త కారేసుకుని మాస్టారింటికి వచ్చాడు.

“పెద్ద ఇబ్బందొచ్చింది మాస్టారూ. ఈ ఏడు లాభం బాగా వచ్చేసింది.”

“అందులో ఇబ్బందేముంది?”

“ఆడోళ్లకి తెలిసిపోనాది. దసరాకి బోనస్ కావాలంటన్నారు. నేను సెప్తే నమ్మరు. మీరైతే పుస్తకంలో ఉన్నట్టు సెప్తారు.”

అలా మాస్టారు ‘శ్రామిక సంక్షేమ సలహాదారు’ అయ్యాడు. ఏసీ గది, చక్రాల కుర్చీ, నెలనెలా జీతం. ఆ జీతం ఎందులోంచి వస్తుందన్నది అర్థశాస్త్రం చదివినవాడు అడగవలసిన మొదటి ప్రశ్న. ఆయన మాత్రం కుర్చీ ఎన్ని వైపులకు తిరుగుతుందో చూసుకుంటూ ఉండిపోయాడు.

మర్నాడు పప్పు ఏరే షెడ్డులో క్లాసు. జీడిపిక్కల జిగురుకి నల్లబడిపోయిన చేతులు ఒళ్లో పెట్టుకుని ఆడవాళ్లంతా కింద కూర్చున్నారు. మాస్టారు గోడకి చార్టు తగిలించాడు. భూమికి అద్దె, శ్రమకు కూలి, పెట్టుబడికి వడ్డీ, ఇవన్నీ పోగా మిగిలింది యజమానికి. ఎందుకంటే రిస్కు ఆయనది.

“రిస్కంటే ఏటి మేస్టారూ?” అని అడిగింది ముందు వరసలోని కూర్మమ్మ. ఇరవై రెండేళ్లుగా ఆ ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతున్న మనిషి. తుఫానుకు లేచిపోయిన ఇంటి రేకుల చోట టార్పాలిన్ కట్టుకుని, బోనస్ వస్తే రేకులు వేయించుకుందామని చూస్తోంది.

“ధర పడిపోతే నష్టమొస్తుంది కదమ్మా, ఆ భయం.”

“మొన్నేడు ధర పడిపోతే రెండు నెల్లు గేటు మూసీసినారు. మాకు కూలి లేదు. అయ్యగారు ఆ రెండు నెల్లలోనే మేడ మీద మేడేసినారు. మరి ఆ రిస్కు ఎవులిది?”

ఇలాంటి సమయాల్లో ఉపాధ్యాయ వృత్తి మనిషికి ఒక గొప్ప ఆయుధం ఇస్తుంది. “మంచి ప్రశ్న. వచ్చే క్లాసులో చెప్పుకుందాం” అన్నాడు మాస్టారు.

తర్వాత దానధర్మాల మీదికి వెళ్లాడు. శివరాత్రికి శ్రీముఖలింగంలో ధనరాజ్ అన్నదానం చేయించాడు కదా, అందులో భోంచేసింది మీరే కదా, అంటే మిగులు మీకు చేరినట్టే కదా?

“ఆ రోజు కూలి కోసీసినారు బాబూ,” అంది కూర్మమ్మ, “పనిమానీసి భోజనానికెల్లినామని.”

షెడ్డంతా నవ్వింది. మాస్టారు కళ్లజోడు తుడుచుకుని చివరి మాట వదిలాడు. ఈ మిగులు ఎక్కడికీ పోదు, మళ్లీ ఫ్యాక్టరీలోనే పెడతారు, ఫ్యాక్టరీ పెరిగితే మీరూ పెరుగుతారు, ఒక్క ఏడాది ఓపిక పట్టండి అన్నాడు.

ఈ మాట ఆయన అబద్ధమని తెలిసి చెప్పలేదు. అదే అసలు బాధ. అబద్ధమని తెలిసి చెప్పేవాడు కాస్త తడబడతాడు. మాస్టారి గొంతు గుడి గంటలా మోగింది.

ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పెద్దావిడ లక్ష్మణమ్మ లేచింది. “సదువుకున్నోరు, సర్చికెల్లే మనిషి. మనకి అబద్దం సెప్తారేటి? ఈ ఏటికి ఒగ్గీండి” అంది. దసరా బోనస్ లేకుండానే వెళ్లిపోయింది. ధనరాజ్ మాస్టారి గదికి కొత్త కర్టెన్లు వేయించాడు.

సంక్రాంతి దాటాక మాస్టారు చెప్పినట్టే మిగులు ఫ్యాక్టరీలోకి వచ్చింది. రెండు లారీల్లో వచ్చింది. ఒక మిషను పిక్కలు కొడుతుంది, ఇంకొకటి కెమెరా పెట్టుకుని గుండు పప్పునీ బద్దనీ వేరు చేస్తుంది. ధనరాజ్ కొబ్బరికాయ కొట్టాడు. ప్రగతి గురించి మాస్టారు ఇరవై నిమిషాలు మాట్లాడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గట్టిగా కొట్టినవాళ్లలో కూర్మమ్మ ఒకతి.

సోమవారం గేటుకి కాగితం అంటించారు. రేపటినుంచి రానక్కర్లేనివాళ్లు ఎనభై మంది. మొదటి పేరు కూర్మమ్మది.

ఆమె తిట్టడానికి వస్తుందని మాస్టారు గదిలో సర్దుకుని కూర్చున్నాడు. ఆమె గుమ్మం దగ్గరే నిలబడి, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

“మేస్టారూ, మాకు ఇవ్వాల్సిన బోనస్ తోటే గదా ఆ మిషన్లు కొన్నారు. మరి ఆటిలో మాదేటైనా ఉంటాదా?”

వచ్చే క్లాసులో చెబుతానని ఆయన అనలేకపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో పాత పాఠ్యపుస్తకాలన్నీ దించాడు. పంపిణీ అనే అధ్యాయాన్ని రెండుసార్లు చదివాడు. అన్నీ ఉన్నాయి, కూర్మమ్మ ప్రశ్న లేదు. భార్య జ్ఞానసుందరి టీ గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది.

“ముప్పయ్యేళ్లు ఊరి పిల్లలందరి చేతా ఇదే బట్టీ పట్టించారు. మీకు ఇప్పుడా డౌటొచ్చింది?”

గురువారం ధనరాజ్ దగ్గరకు వెళ్లి, వాళ్లకు ఏదో ఒకటి చేయాలి, నా మాట మీద ఆగారు అన్నాడు. గొంతు ఈసారి బాగానే తడబడింది. ధనరాజ్ శ్రద్ధగా విన్నాడు. మంచి శిష్యుడు.

“మీరు సెప్పిన పాఠమే గదండీ. మిగిలింది మళ్లీ ఫ్యాక్టరీలో పెట్టాను. అన్నట్టు మాస్టారూ, వచ్చే నెలనించి మీరూ రెస్టు తీసుకోండి. ఇంక ఇక్కడ ఎవులికి సెప్తారు? మిషన్లు బోనస్ అడగవు గదా.”

శాలువా కప్పాడు. ఫొటో తీయించాడు. 

ఆడవాళ్లు గేటు ముందు బైఠాయించి అప్పటికి మూడు రోజులు. మాస్టారు శాలువాతో బయటికొచ్చి, ఎటు వెళ్లాలో తెలియక ఆగిపోయాడు. లక్ష్మణమ్మ కింద పరుచుకున్న పట్టా మీద కాస్త జరిగింది. పిలవలేదు, పొమ్మనీ అనలేదు. ఆయన కూర్చున్నాడు. బోనస్ చట్టం ఏమంటుందో, తీసేసినవాళ్లకు ఎంత ఇవ్వాలో కాగితం మీద రాసి, రోజూ చదివి వినిపించాడు. ఇవన్నీ ముందునుంచీ ఆయనకు తెలిసినవే. సలహాదారుగా ఉన్నప్పుడు ఎవరూ అడగలేదని చెప్పలేదంతే.

పదకొండో రోజు కార్మిక శాఖ అధికారి వచ్చాడు. అప్పటికి మిషను సగం గుండు పప్పుని బద్దలు చేసి పెట్టింది, ఎగుమతి ఆర్డరు ఆగింది. అందుకని ధనరాజ్ మనసు కరిగింది. ముప్పై అయిదు మందిని తిరిగి పనిలోకి తీసుకున్నాడు. మిగతావాళ్లకు నష్టపరిహారం, అందరికీ పాత బోనస్. కూర్మమ్మ పనిలోకి వెళ్లనంది. రేకులకు పరిహారం చాలంది.

అధికారితో వచ్చిన గుమాస్తా తీసేసినవాళ్ల పేర్లు రాసుకుంటూ మాస్టారి దగ్గర ఆగాడు.

“మీరెవరండీ, యాజమాన్యమా, కార్మికులా?”

పరీక్షల్లో వేలమందిని ఇలాంటి ప్రశ్నలడిగిన మనిషి కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

“ఈయన్ని కూడా మాతోపాటే తీసీసినారు. రాసుకోండి” అంది కూర్మమ్మ.

“ఏం పని చేసేవారు?”

మాస్టారు పదాలు ఏరుకున్నాడు. వివరించడం అనాలా, సంక్షేమం అనాలా?

“పొట్టు తీసే పనని రాసీండి బాబూ,” అంది లక్ష్మణమ్మ. “పప్పుకి కాదు. మాకే తీసినారు.”

ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. గుమాస్తా తలెత్తకుండా అలాగే రాసుకుని కాగితం ఇటు తిప్పాడు. అందులో దిద్దవలసిన తప్పేమీ మాస్టారికి కనిపించలేదు. సంతకం పెట్టాడు.