దండెం గుంజ సాక్ష్యం

మీ మాటను అధికారులు నమ్మాలంటే మీరు చనిపోయి కనీసం పదమూడు వందల సంవత్సరాలు గడిచి ఉండాలి. అంతకంటే ముందే నోరు విప్పడం తొందరపాటు! ఇది నిరాశతో అంటున్న మాట కాదు. మా ఆల్డర్‌విక్ పట్టణం నడిబొడ్డున రెండేళ్ళుగా తెరుచుకుని ఉన్న గోతి అంచున నిలబడి, పరిశీలించి, నిర్ధారించుకున్న మాట.

ఆ గోతిని తిట్టుకోని ఇంగ్లీషువాడు మా ఊళ్ళో లేడు. దాని మూలంగా బస్సు ఊరంతా చుట్టి వెళుతోంది. వేయించిన చేపలమ్మే దుకాణం ముందు క్యూ రోడ్డు మీదికి వచ్చింది. నేను మాత్రం దాన్ని వరమంటాను. అది లేకపోతే సాక్ష్యమంటే ఏమిటో ఈ వయసులో నాకెవరు నేర్పేవారు?

టానర్స్ రో వీధిలో పురపాలక సంఘం అద్దెకిచ్చిన పన్నెండు ఇళ్ళను కూల్చి, ఎనిమిదంతస్తుల భవనం కట్టాలని తలపెట్టారు. పునాది తవ్వుతుంటే పదమూడు వందల ఏళ్ళనాటి ఆంగ్లో-శాక్సన్లు బయటపడ్డారు. రోమనులు వెళ్ళిపోయాక సముద్రం దాటి వచ్చి ఈ దేశంలో స్థిరపడినవారు. బయటపడ్డారంటే ఎముకలు కాదు, కిరీటాలూ కత్తులూ అసలే కాదు. మట్టిలో ఆరు నల్లటి మరకలు! గుంజలు పాతిన చోట కర్ర కుళ్ళి మిగిల్చిన రంగు అది. వాటి మధ్య, మగ్గం మీద నూలు బిగువుగా ఉండేందుకు వేలాడదీసే మట్టి బిళ్ళ ఒకటి.

అంతే. ఇక్కడ ఒక కుటుంబం నివసించింది, బట్టలు నేసుకుంది అని నిపుణులు తేల్చారు. ఎలా తేల్చారో తవ్వకాలకు పెద్ద అయిన ఇమోజెన్ థ్వెయిట్ నాకు గంటసేపు వివరించింది. తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. పురపాలక సంఘమూ ఒక్క ప్రశ్న వేయలేదు. రాబోయే భవనానికి ఆ నేతగాళ్ళ గౌరవార్థం ‘శాక్సన్ వీవర్స్ కోర్ట్’ అని పేరు పెట్టింది. ఆ మరకల మీద గాజు పరుస్తారట. ఆ కుటుంబాన్ని అద్దె రసీదు అడిగినవారెవరూ లేరు.

అద్దె రసీదు అడిగింది మోరీన్ గ్లాసప్‌ను. డెబ్బై ఎనిమిదేళ్ళ మోరీన్ ఆ వీధిలోనే ఏడో నంబరు ఇంట్లో నలభై ఏడేళ్ళు కాపురం చేసింది. పదేళ్ళకు పైగా ఉన్నవారికి కొత్త భవనంలో ఇల్లు ఇస్తామని కూల్చేముందు మాట ఇచ్చారు. ఉన్నట్టు రుజువు చూపితే చాలు! కార్యాలయంలో కంప్యూటర్లు మార్చినప్పుడు పాత వివరాలన్నీ ఎగిరిపోయాయి. ఇంట్లో ఉన్న కాగితాలను, భర్త కెన్ చనిపోయిన ఏడాది, ఆమే పారేసింది. ఇరుగుపొరుగు చెప్పే మాట చెల్లదు. వాళ్ళూ తమ రుజువులు వెతుక్కునే పనిలో ఉన్నారు.

అంతలో ఇమోజెన్ నివేదిక వచ్చింది. నూట పన్నెండో పేజీలో ఒక ఫోటో. శాక్సన్ ఇంటి మూలను చీల్చుకుంటూ దిగిన గుండ్రటి గుంత, పక్కన యంత్రం పెకలించి బోర్లా పడేసిన సిమెంటు ముద్ద. కింద రెండే మాటలు: ‘ఆధునిక అవాంతరం’. విలువైన పాతదాన్ని పాడుచేసిన కొత్త చెత్త అని ఆ శాస్త్రంలో దానికి అర్థం.

గోతి దగ్గర ఇమోజెన్ చూపించిన ఆ పేజీని మోరీన్ కళ్ళజోడు సవరించుకుని చూసింది.

“ఆ అవాంతరం నేనే, అమ్మాయ్. అది నా దండెం గుంజ పాతిన సిమెంటు. పచ్చిగా ఉండగా కెన్ మేకుతో ఏదో గీశాడు. తిప్పి చూడు.”

ముద్ద ఇంకా గోతి అంచునే పడి ఉంది. ఇమోజెన్ తిప్పి చూసింది. ‘మోరీన్, కెన్. నం. 7. జూన్ 1974.’

ఆ శాక్సన్ కుటుంబం ఒక్క అక్షరం రాసిపెట్టలేదు. వీళ్ళు పేర్లు, ఇంటి నంబరు, నెల, సంవత్సరం రాసిపెట్టారు! ఇంత గట్టి సాక్ష్యాన్ని నేను జన్మలో చూడలేదు. మోరీన్ కూరగాయలు తెచ్చుకునే రెండు చక్రాల సంచిలో దాన్ని పెట్టుకుని ముగ్గురం కార్యాలయానికి వెళ్ళాం.

అధికారి మర్యాదస్తుడు. టీ ఇప్పించాడు. ముద్దను నాలుగు వైపులా పరిశీలించాడు.

“మీరు అక్కడ బట్టలు ఆరేసుకున్నారని ఇది రుజువు చేస్తుందండీ. నివసించారని కాదు.”

“మరి శాక్సన్లు?” అంది ఇమోజెన్.

“వాళ్ళది వేరే విభాగమండీ.”

ఈ తీర్పును నేను తప్పు పట్టను. తొందరపడి నమ్మకూడదని జీవితమంతా నలుగురికీ చెప్పినవాణ్ణి. ఇప్పుడు ఏ మొహంతో కాదంటాను? మోరీనే కాస్త ఓపిక పట్టాలి. సిమెంటుకు ఇప్పటికే యాభై ఏళ్ళు; ఇంకెంత, పన్నెండు వందల యాభై ఏళ్ళే కదా! అప్పటికి ఆమె దండెం మీదా గాజు పరుస్తారు. బడిపిల్లలు వరుసలో వచ్చి చూస్తారు. ఈలోగా ఆమె ఎక్కడుండాలంటారా? అది మూడో విభాగం.

అవాంతరం ఉన్న ఆ మూలకు గాజు దక్కలేదు; సోమవారం అక్కడ కాంక్రీటు పోస్తారని తెలిసి, మోరీన్ ఆ సంచిని లాక్కుంటూ మళ్ళీ వచ్చింది. ఇమోజెన్ నిచ్చెన దిగి, ముద్దను దాని పాత గుంతలోనే కూర్చోబెట్టింది. పేర్లు పైకి కనిపించేలా తిప్పబోతే మోరీన్ వద్దంది.

“బోర్లా పెట్టు, అమ్మాయ్. పైకి పెడితే కాంక్రీటు తినేస్తుంది. నీలాంటిదొకతి వచ్చి తిప్పి చూస్తుందిలే.”