మీసాల అమ్మ, లెక్కల సారు

ఈ బడిలో ఆడా మగా తేడా లేదని, ఇకమీదట ఉండబోదని, ఎవరికైనా ఉన్నట్టు కనిపిస్తే అది వాళ్ళ కంటి దోషమని హెడ్మాస్టరు గారు ప్రార్థన వేళ ప్రకటించారు. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. మగపిల్లలు ఒక వరసలో, ఆడపిల్లలు ఇంకో వరసలో నిలబడి కొట్టారు.

ఒకటో తరగతి టీచరమ్మ ఆ మాట పట్టుకుని మధ్యాహ్నం ఆయన గదికి వెళ్ళింది. ఉద్యోగంలో చేరింది మొదలు ఆమెకు ఒకటో తరగతే. ముక్కులు తుడవడం, బొత్తాలు పెట్టడం, ఏడ్చేవాళ్ళను చంకనేసుకుని అక్షరాలు దిద్దించడం. ఆమె చదివినది లెక్కలు. అయిదో తరగతికి భిన్నాలు చెప్పాలని ప్రాణం కొట్టుకులాడేది. అడిగినప్పుడల్లా ఓపిక ఆడవాళ్ళకు పుట్టుకతో వస్తుందని చెప్పి పంపేసేవారు. లెక్కలు మీసాలతో వస్తాయని ఆయన ఉద్దేశం.

"తేడా లేదన్నారు కదండీ. నాకు అయిదో తరగతి ఇవ్వండి," అంది.

పొద్దున అన్న మాట మధ్యాహ్నానికే కాదనలేక ఆయన నీళ్ళు నమిలి సరేనన్నారు. అయిదో తరగతి మీసాల మాస్టారు ఒకటో తరగతికి మారారు. ఆయన్ను చూసి పిల్లలు ఏడ్చారు. పిల్లల్ని చూసి ఆయన ఏడ్చినంత పని చేశారు. కొన్నాళ్ళకు ఒక బుడతడు పరాకున "అమ్మా" అని పిలిస్తే, ఆయనా పరాకునే "ఏం నాన్నా" అన్నారు. ఇక తరగతంతా అదే పిలుపు.

అయిదో తరగతిలో లెక్కలు చెప్పేవాళ్ళెవరైనా సారే. టీచరమ్మనూ సార్ అన్నారు. ఆమె దిద్దలేదు సరికదా, ఆ పిలుపు విన్నప్పుడల్లా జానెడు ఎత్తు పెరిగినట్టు నడిచింది. ఎన్నడూ నోరు విప్పని ఆడపిల్లలు బోర్డు దగ్గరికి పోటీపడి వస్తున్నారు.

ఇంతలో పై అధికారి తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. హెడ్మాస్టరు గారికి చెమటలు పట్టాయి. ఆ ఒక్క పూటకు ఎవరి పాత తరగతికి వాళ్ళు వెళ్ళిపొమ్మని ఇద్దరినీ బతిమాలారు.

అధికారి అయిదో తరగతిలో అడుగుపెట్టి, సగంలో సగమెంతని ఒక పిల్లను అడిగారు. పావు అని చెప్పిన ఆ పిల్ల, ఎందుకు పావో చెప్పమనేసరికి దిక్కులు చూసింది.

"మా సార్‌ని పిలవమంటారా అండీ?"

"మరి ఈయనెవరు?"

"ఒకటో తరగతి అమ్మండీ."

పక్కగదిలోకి మాస్టారి దగ్గు వినబడింది. అంతే, ఒకటో తరగతి మొత్తం అమ్మా అంటూ వచ్చి ఆయన కాళ్ళకు చుట్టుకుంది. వెనకాలే టీచరమ్మ రొప్పుతూ వచ్చింది. అదుగో మా సారు అని అయిదో తరగతి లేచి నిలబడింది.

అధికారి కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వారు. తరవాత నిజంగానే కరిగిపోయారు. ఒక మగవాడు, అందులోనూ ఇంత మీసమున్నవాడు, పసిపిల్లల ముక్కులు తుడవడమా! ప్రశంసాపత్రం ఇప్పిస్తానని అక్కడికక్కడే మాటిచ్చారు. హెడ్మాస్టరు గారు ఈ ఆలోచన మొదటినించీ తనదేనని విన్నవించుకున్నారు.

"ఈయనకు ముందు ఈ పసివాళ్ళను ఎవరు చూసేవారు?" అని అడిగారు అధికారి.

హెడ్మాస్టరు గారు టీచరమ్మ వైపు చెయ్యి చూపించారు.

"ప్రత్యేకంగా ఎవరూ లేరండి. ఈవిడే."