వడ్డీ రేటు మంగతాయారు

మంగతాయారు ఎత్తే ఇకనుంచి దేశపు వడ్డీ రేటు అని ప్రకటిస్తూ వచ్చిన ఉత్తర్వును, ఆమె పాలకొల్లు బాలికల హైస్కూలు మైదానంలో వాలీబాల్ నెట్టు బిగిస్తూనే అందుకుంది. తెచ్చినాయన జాతీయ ద్రవ్య మండలి అధికారి ప్రభంజనరావు. దారిలో ఎండకి బాగా అలసిపోయి ఉన్నాడు.

అంతకుముందు మండలి వడ్డీ రేటు మార్చినప్పుడల్లా ఎందుకు మార్చారని సగంమంది, మార్చనప్పుడల్లా ఎందుకు మార్చలేదని మిగతా సగం అడిగేవారు. దాంతో విసిగిపోయిన మండలికి ఎవరూ వేలెత్తి చూపలేని కొలత ఒకటి కావలసి వచ్చింది. నడివయసులో ఉన్న ఆరోగ్యవంతురాలి ఎత్తు కంటే నిలకడైనది ఈ దేశంలో ఏదీ లేదని ఉపసంఘం తేల్చింది. లాటరీ తీస్తే ఆ స్కూల్లో ఆటల టీచరు మంగతాయారు పేరు వచ్చింది. ఆమె ఐదడుగుల ఎనిమిదంగుళాలు. అడుగుకి ఒక శాతం, మిగిలిన అంగుళాలు దశాంశాలు.

"మీరు చేయాల్సిందేం లేదండి మేడమ్ గారూ. ఎలా ఉన్నారో అలా ఉండండి చాలు," అని ప్రభంజనరావు ఆమెకి జడలో పెట్టుకునే క్లిప్పు ఒకటి ఇచ్చాడు. తల నేలకి ఎంత ఎత్తులో ఉందో అది బ్యాంకులన్నిటికీ క్షణక్షణం చెబుతుంది.

"మరి కూర్చుంటేనండీ?"

"బ్యాంకులు మూసేశాక కూర్చోండి."

"ఆటల టీచర్నండి నేను. ఎగరాలి కదా."

ప్రభంజనరావు ఉత్తర్వును అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎగరడం సంగతి అందులో లేదు. "ఎగరకుండా ఉంటే మంచిదండి," అన్నాడు.

స్టాఫ్ రూములోంచి ఆమె కుర్చీ తీసేశారు. మంగతాయారుకి ఇవేవీ పెద్ద కష్టమనిపించలేదు. ఆటల టీచర్లు ఎలాగూ కూర్చోరు. కానీ పిల్లలకి బంతి కొట్టి చూపించలేకపోవడం మాత్రం ఆమెకి అన్నం సహించనంత బెంగ అయింది. జిల్లా ఫైనల్సు దగ్గరకొస్తున్నాయి.

మనిషి పొద్దున కంటే సాయంత్రానికి కొంచెం కుంగుతాడన్న సంగతి ఊరికి త్వరలోనే తెలిసిపోయింది. పొద్దున్నే డిపాజిట్లు వేసేవాళ్ళు, సాయంత్రం అప్పుల కోసం ముందే వచ్చి వరస కట్టేవాళ్ళు బ్యాంకు మెట్ల మీద ఒకళ్ళకొకళ్ళు ఎదురుపడి నమస్కారాలు పెట్టుకునేవారు. విశ్రాంత ఉద్యోగులు ఆమెకి సన్మానం చేసి నడుముకి బిగించుకునే పట్టీ ఇచ్చారు. లారీ ఓనర్లు పల్చటి చెప్పులు తెచ్చిచ్చారు. ఆమె ఆవులిస్తూ మెడ వెనక్కి వాల్చిన రోజున టీవీలో నలుగురు కూర్చుని అది విధాన సంకేతమా, నిద్ర చాలకపోవడమా అని మధ్యాహ్నం దాకా చర్చించారు. నిద్రే అని చెప్పడానికి ఆమె ఫోను చేసింది గానీ లైను దొరకలేదు.

ఇంట్లో సంగతి వేరు. భర్త సత్తిబాబుది పాత టైర్లకి రబ్బరు తొడిగే షాపు. కొత్త మిషను కోసం అప్పు కావాలి. అత్తగారు వెంకాయమ్మ గారివన్నీ డిపాజిట్లు.

"తాయారూ, కాస్త వంగి నడవచ్చుగా," అనేవాడు సత్తిబాబు.

"దానికి నడుం పట్టేస్తే నువ్వు చూస్తావేంట్రా. నిటారుగా నడువమ్మాయ్," అనేది వెంకాయమ్మ.

మంగతాయారు ఇద్దరినీ నొప్పించే రకం కాదు. సత్తిబాబు బ్యాంకులో సంతకం పెట్టే వేళకి మైదానంలో ఆమె బూటు లేసు ఊడిపోయింది. కట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. వెంకాయమ్మ డిపాజిట్ వేసే వేళకి మాత్రం అటక మీది ఆవకాయ జాడీ అవసరమై స్టూలెక్కింది. ఆ నెలలో ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. దేశంలో మాత్రం ధరలు పెరిగాయి. వడ్డీ పెంచి వాటిని దించాలని మండలి ఆమెను రోజూ పొద్దున కాసేపు ఇనప కడ్డీ పట్టుకుని వేలాడమంది. ఆమె వేలాడింది. పావంగుళం పెరిగిందనీ, ఉల్లిపాయలు దిగొచ్చాయనీ మండలి ప్రకటించింది. ఉల్లిపాయలు అప్పటికే కొత్త పంట వచ్చి దిగాయన్న మాట ఎవరూ పట్టించుకోలేదు.

అదే సమయంలో మరిది చినబాబు, ఇంజినీరింగు చదివి ఖాళీగా ఉన్నవాడు, వదినగారి నీడను అమ్మకానికి పెట్టాడు.

"ఎత్తంటే గవర్నమెంటు చేతిలో ఉంది వదినా. నీడ ఎవరి చేతిలోనూ లేదు. దాన్ని పెంచేది సూర్యుడు. ఇదే రేపటి డబ్బు," అన్నాడు.

"నా నీడ కొని ఏం చేసుకుంటారయ్యా?"

"ఇంకొకళ్ళకి అమ్ముతారు."

నీడ ఎంత పొడవుంటే అంత విలువని చినబాబు పెట్టిన నీడ నాణెం ఫోన్లలో దుమ్మురేపింది. నీడ పొద్దున బారుగా ఉండేది. మిట్టమధ్యాహ్నం ఆమె పాదాల కిందకి ముడుచుకుపోయి, కొన్నవాళ్ళందరూ దివాలా తీసేవారు. నాలుగింటికి మళ్ళీ సాగేది. మధ్యాహ్నం మునిగినవాళ్ళు సాయంత్రం టీ కొట్టు దగ్గర చేరి, నిబ్బరంగా నిలబడ్డామని ఒకరి భుజం ఒకరు తట్టుకునేవారు. వానలు మొదలై వారంపాటు సూర్యుడు కనబడకపోతే మార్కెట్టు పూర్తిగా పోయింది. చినబాబు ఏమాత్రం దిగులుపడకుండా మైదానంలో ఫ్లడ్‌లైటు పెట్టించాడు. లైటు నీడ చెల్లుతుందో లేదో తేల్చడానికి మండలి కమిటీ వేసింది. కమిటీ ఇంకా పనిచేస్తోంది.

జిల్లా ఫైనలు పనిదినాన వచ్చింది. నరసాపురం జట్టుతో. మంగతాయారు జట్టుకి కెప్టెను సుభాషిణి, చురుకైన పిల్ల. కానీ ఎగరాల్సిన క్షణం కంటే ఒక్క రవ్వ ముందు ఎగిరేది. అది నోటితో చెబితే వచ్చేది కాదు. చూపించాలి. ఆఖరి సెట్టు మధ్యలో విరామానికి పిల్లలు ఏడుపు మొహాలతో వచ్చారు.

"మేడమ్, ఒక్కసారి కొట్టి చూపించండి. ఒక్కసారే," అంది సుభాషిణి.

మంగతాయారు చీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపింది. గ్యాలరీలో ఉన్న ప్రభంజనరావు పరుగున వచ్చాడు.

"మేడమ్ గారూ, బ్యాంకులు తెరిచున్నాయండి. మీరు ఎగిరితే రేటు ఎగురుద్దండి."

"మళ్ళీ దిగుతాను కదండీ," అంది ఆమె.

బంతి పైకి వేయించి, రెండడుగులు పరిగెత్తి, ఎగిరింది. ఇన్ని నెలల బిగింపు ఒక్కసారిగా ఒంట్లోంచి జారిపోయినట్టయింది. గాల్లో ఆమె నవ్వుతోందని గ్యాలరీలో చివర కూర్చున్నవాళ్ళకి కూడా కనబడింది. రేటు ఏడు దాటింది. దేశమంతటా బ్యాంకుల్లో తెరలు ఎర్రబడ్డాయి, బాండ్లు కూలాయి, ముగ్గురు మంత్రులు ఫోన్లెత్తారు. బంతి అవతలి గీత లోపల దుమ్ము లేపింది. ఆమె కిందికి దిగింది. రేటూ దిగింది. దిగినందుకు మార్కెట్లు సంబరపడి, ఎగరకముందున్న దానికంటే పైకి వెళ్ళి ఆ రోజు లాభాలతో ముగిశాయి.

సుభాషిణికి క్షణం పట్టుబడింది. వరసగా ఐదు పాయింట్లు కొట్టింది. పాలకొల్లు గెలిచింది. పిల్లలు మంగతాయారును ఎత్తుకోబోతే ప్రభంజనరావు అడ్డుపడి, వాళ్ళ చేత ఆమెకి దండ మాత్రం వేయించాడు. అత్తగారు పులిహోర చేసి వీధంతా పంచింది. సాయంత్రం మండలి, ఈ ఎగురుడు తమ అంచనాల్లో ముందునుంచీ ఉన్నదేననీ, ఆర్థిక వ్యవస్థ గట్టిదనం దీంతో రుజువైందనీ ప్రకటన ఇచ్చింది.

నాలుగో రోజు మధ్యాహ్నం భోజనం వేళ స్కూలుకి ముత్యాలరావు అనే ఆయన స్వీట్లడబ్బాతో వచ్చాడు. ఫోటోలకి ఫ్రేములు కట్టే షాపు ఆయనది. మైదానంలో నిలబడి క్యారియరులో అన్నం తింటున్న మంగతాయారుకి డబ్బా అందించి వినయంగా నిలబడ్డాడు.

"ఇల్లు కట్టుకుంటున్నానండి. మొన్న మీరు గాల్లో ఉన్నప్పుడు బ్యాంకులో సంతకం పెట్టానండి. మారని వడ్డీ అండి. ఇరవయ్యేళ్ళూ అదే రేటంట."

మంగతాయారు చేతిలో ముద్ద ఆగిపోయింది. "అయ్యయ్యో. మేనేజరుకి చెప్పి మార్పించుకోకపోయారా?"

"అడిగానండి. ఆయన చాలా మర్యాదస్తుడండి. మీరు దిగిపోయారు గానీ సంతకం దిగదు కదా అన్నాడు. నిజమే కదండీ." ముత్యాలరావు మొహంలో కోపం వెతికినా లేదు. "ఎవరో ఒకళ్ళు ఆ టైముకి సంతకం పెట్టాలి కదండీ. దేశం అన్నాక. దానికి కాదండి వచ్చింది."

"మరి?"

"అందరూ ఆ ఎగురుడు చూశారంటండి. చాలా బాగా ఎగిరారంట. నేనొక్కణ్ణే బ్యాంకులో ఉండిపోయి చూడలేదండి. ఇరవయ్యేళ్ళు కట్టేది ఎలా ఉంటుందో ఒక్కసారి చూద్దామని."

మంగతాయారు చేయి కడుక్కుంది. "ఇప్పుడు బ్యాంకు టైమండి," అంది నెమ్మదిగా.

"ఏ టైమైనా ఎవరో ఒకళ్ళు సంతకం పెడుతూనే ఉంటారు కదండీ," అన్నాడు ముత్యాలరావు, ఆమెకి ధైర్యం చెబుతున్నట్టుగా. రెండడుగులు వెనక్కి జరిగి చోటిచ్చాడు.

ఆమె కుచ్చిళ్ళు మళ్ళీ బొడ్లో దోపింది. తర్వాత బంతి తీసుకుని పైకి విసిరి ఎగిరింది. ఈసారి ఇంకా ఎత్తుకి వెళ్ళింది. ప్రహరీ గోడ అవతల మెయిన్ రోడ్డు, దాని పక్కన బ్యాంకు మెట్లు, మెట్ల మీద జేబుల్లో పెన్నులతో వరసలో నిలబడ్డ జనం పైనుంచి ఆమెకి స్పష్టంగా కనబడ్డారు. వాళ్ళలో కొందరు ఆమె తల గోడ పైన తేలడం చూసి సంతోషంగా చేతులూపారు. ముందున్నవాడు లోపలికి వెళ్ళాడు.