బండితో వస్తేనే హాజరు

లైసెన్సు సస్పెండయి పొరుగు రాష్ట్రం నుంచి వచ్చేవారికి మా రాష్ట్రంలో ఎలాంటి అవమానమూ జరగదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. వారిని కసురుకోరు, గెంటేయరు. గౌరవంగా పరివర్తన తరగతికి పంపుతారు. ఒక్క శనివారం హాజరైతే చాలు, పాత పాపం కడిగేసి కొత్త లైసెన్సు చేతిలో పెడతారు.

ఈమధ్య అలా వచ్చినవాడు ఒక బడి వ్యాను డ్రైవరు. అతను చేసింది చిన్న నేరమేమీ కాదు. పాత ఊళ్లో, మనిషన్నవాడు లేని కూడలిలో, ఎర్రదీపం వెలిగిందన్న ఒకే ఒక్క సాకుతో వ్యాను ఆపేశాడు. వెనక వస్తున్న పెద్ద అధికారి కారు, అతను ఆపుతాడని కలలో కూడా ఊహించక, వచ్చి గుద్దింది. విచారణ సంఘం నిష్పక్షపాతంగా ఆలోచించి, అందరూ వెళ్లిపోయే చోట ఆగి వెనకవారి నమ్మకాన్ని వమ్ము చేసినట్టు తేల్చింది. లైసెన్సుతోపాటు ఉద్యోగమూ పోయింది.

భార్యను వెంటబెట్టుకుని మా ఊళ్లోని బావమరిది ఇంటికి చేరాడు. ఉన్నది ఒక గది, ఒక వంటిల్లు. వంటిల్లు వీళ్లకిచ్చాడు. అదృష్టవశాత్తూ మా బడికీ ఒక డ్రైవరు కావలసివచ్చాడు. నెలాఖరులోగా లైసెన్సు తెస్తే ఉద్యోగం నీదేనని ప్రిన్సిపాలమ్మ మాటిచ్చింది. తేకపోతే ఇంకొకణ్ణి చూసుకుంటానని కూడా అంతే ఆప్యాయంగా చెప్పింది. నెలలో మిగిలినవి మూడు శనివారాలు.

పరివర్తన కేంద్రం ఊరికి బాగా దూరంగా, బస్సు పోని చోట ఉంటుంది. పాపులకు ప్రశాంతత కావాలి కదా. మొదటి శనివారం మనవాడు తెల్లవారకముందే లేచి నడిచి వెళ్లాడు. ముందు బెంచీలో కూర్చున్నాడు. ఆ రోజు పాఠం 'లైసెన్సు లేకుండా బండి నడపరాదు'. పక్కనున్నవాళ్లంతా చేతుల్లో తాళాలు గలగలలాడిస్తూ శ్రద్ధగా తలలూపారు. సాయంత్రం చూసుకుంటే అతను గైర్హాజరు.

లబోదిబోమంటూ గేటు దగ్గర వాచ్‌మన్ని పట్టుకున్నాడు.

"అన్నా, పొద్దుట్నుంచీ ముందు బెంచీలోనే ఉన్నాను కదా!"

"ఉన్నావయ్యా, నేను కూడా చూశాను. నీ బండేదీ?"

"లైసెన్సు లేదు కదా, నడిచొచ్చాను."

"లోపలున్నోళ్లలో ఎవరికుంది లైసెన్సు? అందరూ చక్కగా బండ్ల మీద రాలేదూ? నీ ఒక్కడికే వచ్చిందేంటి ఈ రోగం?"

వాచ్‌మన్ తప్పేమీ లేదు. ఒకప్పుడు ఒకరి బదులు ఒకరు సంతకాలు పెట్టేవారు. మనిషిని నమ్మలేం, బండి అబద్ధమాడదు అని గ్రహించిన ఒక మేధావి అధికారి, ఆవరణలో నిలిపిన బండ్లను చూసి, వాటిని నడిపి తెచ్చినవారికి హాజరు వేసే పద్ధతి పెట్టాడు. దానికి ఆయనకు శాలువా కూడా కప్పారు.

రెండో శనివారం బావమరిది స్కూటరు మీద తీసుకెళ్లాడు. మనవాడు వెనక కూర్చున్నాడు. సాయంత్రం బావమరిదికి పరివర్తన పత్రం ఇచ్చారు.

"బావా, నేను మారిపోయానట!" అన్నాడు బావమరిది, ఏడవాలో నవ్వాలో తెలియక. "ఇంక నువ్వే మిగిలావు."

మూడో శనివారం పొద్దున్న భార్య స్కూటరు తాళం తెచ్చి ఎదురుగా పెట్టింది.

"ఈ ఒక్కసారికీ మీరే నడపండి."

"పోలీసులు పట్టుకుంటే?"

"పట్టుకునేవాళ్లంతా అక్కడ పాఠం చెప్తుంటారు కదండీ. వంటింట్లో ఎన్నాళ్లు పడుకుంటాం?"

తాళం తీసుకున్నాడు. సిగ్గుతో తలెత్తకుండానే స్కూటరెక్కాడు.

కేంద్రానికి ముందు ఒక కూడలి ఉంది. అతను అక్కడికి చేరేసరికి ఎర్రదీపం వెలిగింది. అలవాటు చొప్పున ఆపేశాడు. వెనక తోటి విద్యార్థులు హారన్లతో చెవులకు చిల్లులు పొడిచారు. ఎదురుగా వాచ్‌మన్ గేటు మూస్తున్నాడు. గేటు మూసుకుంటే లైసెన్సూ లేదు, ఉద్యోగమూ లేదు.

కళ్లు మూసుకున్నంత పని చేసి ముందుకు ఉరికించాడు. రోడ్డు దాటుతున్న ఒకావిడ పక్కనున్న పిల్లను చటుక్కున వెనక్కి లాక్కుంది. వెంట్రుకవాసిలో తప్పింది. అద్దంలో ఆవిడ మొహం కనిపించి అతని గుండె ఝల్లుమంది. వాచ్‌మన్ మాత్రం మొదటిసారి సెల్యూట్ కొట్టి లోపలికి పంపాడు.

సాయంత్రం కేంద్రం అధికారి అతన్ని వేదిక మీదికి పిలిచి భుజం మీద చెయ్యి వేశాడు.

"మిత్రులారా! ఈ సోదరుడు మన గడ్డ మీద అడుగుపెట్టినప్పుడు ఎలా ఉన్నాడు? ప్రతిదానికీ అనుమానం, ప్రతిచోటా ఆగడం! మరి ఇవాళ? బండి మీద వచ్చాడు, టైముకొచ్చాడు. పరివర్తనంటే ఇదీ!"

చప్పట్లు మారుమోగాయి. లైసెన్సు చేతికొచ్చింది. ఆ రాత్రి అతనికి అన్నం సహించలేదని భార్య చెప్పింది. నాలుగు రోజుల్లో అదీ సర్దుకుంది.

ఇప్పుడు మా బడి వ్యాను ఎక్కడా ఆలస్యం కావడం లేదు. ఇతనికి ముందున్న డ్రైవరు ప్రతి కూడలిలో ఆపుతున్నాడని ఫిర్యాదు చేసి తీయించిన తల్లిదండ్రులు, అంటే మీరే, ఎంతో సంతోషిస్తున్నారని విన్నాం. రేపు పొద్దున్న మీ వీధిలో హారన్ వినబడగానే పిల్లల్ని త్వరగా పంపండి. అతనికి ఆగే అలవాటు పోయింది.