తిరగేస్తే శత్రునౌక

అక్షరాలు దిద్దుకుని నాలుగేళ్లే అయింది. తప్పులుంటే మన్నించండి. నెమ్మదిగా రాశాను, మీరూ నెమ్మదిగా చదవండి.

ప్రభుత్వ టీవీ అంతరిక్ష సీరియల్లో నలభై నౌకలున్నాయని సమాచార మంత్రిగారు సభలో ప్రకటించారు. బల్లలు బద్దలయ్యేలా చరిచారు సభ్యులు. స్టూడియో సామాన్ల గదిలో ఉన్న ఒక్కగానొక్క నౌక వింటే పొంగిపోయేది. రేకు బకెట్టు, రెండు గరాటులు, ఫ్యాను రెక్కలు కలిపి చేసింది అది. నిలబెడితే మనది, తిరగేస్తే శత్రువుది, రంగు మారిస్తే పక్క గ్రహానిది.

ఆ రంగులు వేసేది రంగులక్క. పద్నాలుగేళ్లుగా టెంపరరీ. పర్మనెంటు అయితే క్వార్టర్సు ఇస్తారు. అందాకా ఆమెకూ ఆమె వదినకూ ఆ సామాన్ల గదే ఇల్లు.

"క్వార్టర్సుకి కిటికీ ఉంటుందంటావా?" అనేది వదిన.

"తలుపుంటే చాల్లే వదినా!"

మంత్రిగారు నౌకాదళాన్ని తనిఖీ చేయడానికి స్వయంగా వచ్చారు.

"మిగతా ముప్ఫై తొమ్మిదీ ఏవయ్యా?"

"అంతరిక్షంలో ఉన్నాయి సార్," అన్నాడు డైరెక్టరు.

మంత్రిగారి ఛాతీ ఉప్పొంగింది. "దీనిమీద నా పేరు రాయించు."

రంగులక్క రాసింది. ఆయన అక్కడికక్కడే ఆమె పర్మనెంటు ఆర్డరు మీద సంతకం గీకేశారు. ఎంత వెన్నలాంటి మనసు! ఇక ఆఫీసు ముద్ర పడటమే తరువాయి.

ఆదివారం శత్రునౌక పేలిపోతుంటే దానిమీద మంత్రిగారి పేరు తలకిందులుగా ధగధగ మెరిసింది. ఇంటింటా ఈలలు.

"నన్నెవడయ్యా పేల్చింది?" ఫోనులో మంత్రిగారు.

"మన సైన్యమే సార్!"

"ఆ ఆర్డరు ఆపెయ్!"

రంగులక్క పరుగున వెళ్లి మంత్రిగారి కారుకి అడ్డం నిలబడింది. "అయ్యా, పైవైపు మీ పేరుంచి, కిందవైపు ప్రతిపక్ష నాయకుడి పేరు రాస్తాను. తిరగేస్తే ఆయనే పేలతాడు."

"శభాష్! ఇంత తెలివైనదాన్ని టెంపరరీగా ఉంచిన దద్దమ్మ ఎవడు?"

"తమరే సార్," అన్నాడు డైరెక్టరు.

ఆపిన ఆర్డరు మళ్లీ కదిలింది, ముద్ర మాత్రం పడలేదు. పదకొండు ఆదివారాలు ప్రతిపక్ష నాయకుడు పేలిపోయాడు. జనానికి జాలి పుట్టింది. ఎన్నికల్లో ఆయనకే ఓట్లు గుద్దేశారు.

"కొంప మునిగింది! ఆయనే మన కొత్త మంత్రి!" అని జుట్టు పీక్కున్నాడు డైరెక్టరు.

"నౌకని తిరగేయండి సార్," అంది రంగులక్క.

అర నిమిషంలో స్టూడియోలో ప్రభుత్వం మారిపోయింది. పాతాయన సంతకం చెల్లదంటూ కొత్త మంత్రిగారు ఆర్డరుని కూడా తిరగేసి, వెనకవైపు తన సంతకం పెట్టారు. ముద్ర పడేలోపు పాతాయన వెళ్లి కొత్తాయన పార్టీలో చేరిపోయారు. ఇద్దరూ భుజాల మీద చేతులేసుకుని స్టూడియోకి వచ్చారు.

"ఇద్దరి పేర్లూ పైవైపే రాయమ్మా."

"మరి కిందవైపు?"

"ఖాళీగా ఉంచు. మళ్లీ ఎన్నికలొస్తాయిగా."

రంగులక్క ఆర్డరు చాపింది. "ముద్ర ఎటువైపు వేయించుకోమంటారయ్యా?"

ఇద్దరూ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"అదీ అప్పుడే తేలుతుందమ్మా."

ఇట్లు,
రంగులక్క వదిన. వయసు అరవై ఎనిమిది.
ప్రస్తుత నివాసం: సామాన్ల గది, నౌక కిందవైపు.